కోడిగుడ్డు గుంట చుట్టుకొలత

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో సరిగ్గా చెప్పలేను గానీ, చుక్క తర్వాత వచ్చే అంకెల మీద మాత్రం కొండంత నమ్మకం. ఎవరన్నా "సుమారుగా" అన్నారంటే ఒళ్లు మండేది. సుమారుగా ఏంది, తెలిస్తే తెలుసని చెప్పాలి, తెలియకపోతే నోరు మూసుకోవాలి అని నా సిద్ధాంతం. ఎమ్మెస్సీ లెక్కలు అప్పుడే పూర్తిచేసి, చేతిలో ఉద్యోగం లేని ఇరవై రెండేళ్ల పిల్లకి సిద్ధాంతాలు తప్ప ఇంకేముంటాయి చెప్పండి. మా కాలేజీ లైబ్రరీలో ఇటుకంత లావు పట్టికల పుస్తకం ఒకటి గొలుసేసి కట్టి ఉండేది (నిజంగానే గొలుసు, మా అటెండరుకి ఎవర్నీ నమ్మే అలవాటు లేదు). దానికి పది రెట్లున్న పుస్తకం నెట్‌లోకి ఎక్కి, నా ఫోన్లో వేలితో జరిపితే జరుగుతూ ఉండేది. ఏ ప్రమేయం (ఇంగ్లీషులో ఫంక్షన్ అంటారే, అది) కావాలంటే ఆ ప్రమేయం, దాని నిర్వచనం, దాని బొమ్మ, దాని చుట్టపక్కాలు, అన్నీ అందులోనే. ఆ విలువలు కట్టిపెట్టే సాఫ్ట్‌వేరు ల్యాప్‌టాప్‌లో. ఈ రెండూ ఉన్నాక ఇంక మనుషుల్ని అడగాల్సిన పనేముంది అనుకున్నాను.

ఆ ఎండాకాలం మా అక్క వాళ్లింట్లో ఉన్నాను. అక్క వాళ్లది ఇందుకూరుపేట పక్కన, కిటికీ తీస్తే సముద్రం గాలి మొహాన కొట్టే ఊరు. మా బావ వాళ్లు తాతల నాటి నుంచీ వరి పండించేవాళ్లు. చుట్టూ మూడు వైపులా రొయ్యల గుంటలు వచ్చేసి, ఉప్పునీళ్లు ఊరి, ఆ ఏడు ఆ చేలో నారు కూడా నిలబడలేదు. ఇంక చేసేదేం లేక బావ కూడా గుంట తవ్వించడానికి దిగినాడు. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టాక ఆ నేలలో మళ్లీ వరి మాట ఎత్తకూడదు. మొదటి పంట నిలబడితే ఇల్లు నిలబడినట్టు, లేకపోతే లేదు. అక్క ఆ సంగతి నోటితో అనలేదు గానీ, ఆ నెలంతా కూరల్లో ఉప్పు వేసిందో లేదో ఆమెకే గుర్తుండేది కాదు.

అందరి గుంటలూ నాలుగు పలకలు. మా బావ అందరిలాగా చేస్తే బావెందుకవుతాడు. మూలల్లో మురుగు పేరుకుంటుందని ఎవరో వీడియోలో చెప్తుంటే విన్నాడంట, మూలలే లేకుండా కోడిగుడ్డులా తవ్విద్దామన్నాడు. మట్టి పని మేస్త్రీ ఒకాయన ఉండేవాడు, యాభై ఏళ్ల మనిషి, ఆదివారం పొద్దున ప్రార్థనకి పోయే రెండు గంటలు తప్ప మిగతా వారమంతా గట్ల మీదే ఉంటాడు. ఆయన ఏం అడగలేదు. రెండు గుంజలు పాతి, రెండింటికీ కలిపి వదులుగా ఒక తాడు కట్టి, ఆ తాడుని గడ్డపారతో బిగలాగి పట్టుకుని చుట్టూ తిరిగి ముగ్గుతో గీత గీసినాడు. గట్టు నడినెత్తిన వల నిలబడాల్సిన గీత అది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఏ పుస్తకమూ ముట్టని మనిషి అచ్చమైన దీర్ఘవృత్తం గీసి చేతులు దులుపుకున్నాడు. పొడవు నూట ఇరవై మీటర్లు, వెడల్పు అరవై.

ఇక్కడ వల సంగతి చెప్పాలి. పక్క గుంటలో ముందు పంటకి తెల్లమచ్చ జబ్బు వచ్చి రొయ్యలన్నీ పోయినాయి. ఆ జబ్బుని ఒక గుంట నుంచి ఇంకో గుంటకి మోసుకొచ్చేది పీతలు. అందుకని గట్టు చుట్టూ మోకాలెత్తున వల కడతారు, ఎక్కడా సందు లేకుండా. వల కట్టనిదే గుంటలో రొయ్య పిల్ల వదలకూడదు. జువ్వలదిన్నెలో కుట్టే ఆయనకి వారం ముందే కొలత చెప్తే, కిందా పైనా తాడెక్కించి ఒకే ముక్కగా కుట్టిస్తాడు.

"మూడొందలు చెప్పేద్దాం" అన్నాడు బావ. "ఎక్కువైతే మడిచి కడదాం."

"ముగ్గు ఉండాది గదయ్యా, దాని మీద తాడు పరిస్తే తెలిసిపోద్ది" అన్నాడు మేస్త్రీ.

ఇదీ నాకు కావాల్సింది. ఇంత చదువుకుని ఇంట్లో కూర్చుని అక్క చేసిన చేపల పులుసు తింటున్న నాకు, ఈ భూమ్మీద నా అవసరం ఒకటి కనబడింది. "ఆగండి" అన్నాను. దీర్ఘవృత్తం చుట్టుకొలతకి వృత్తానికున్నట్టు చిన్న సూత్రం లేదని, దానికి ఒక ప్రత్యేకమైన ప్రమేయం ఉందని, దాని విలువ కట్టాలంటే మామూలు మనుషుల వల్ల కాదని గట్టు మీద నిలబడి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. మేస్త్రీ తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు. బావ, "నీ అక్క కూడా ఇంతే, మంచినీళ్లు అడిగితే మోటారు సంగతి చెప్తాది" అన్నాడు.

ఫోన్లో పుస్తకం తీశాను. ఆ ప్రమేయానికి ఉత్కేంద్రత ఇవ్వాలని ఉంది. అంటే ఆ కోడిగుడ్డు ఎంత సాగిందో చెప్పే అంకె. కట్టాను, సున్నా పాయింట్ ఎనిమిది ఆరు ఆరు వచ్చింది. ల్యాప్‌టాప్‌లో అదే పేరున్న ప్రమేయం పిలిచి, ఆ అంకె ఇచ్చాను. రెప్పపాటులో చుక్క తర్వాత బారెడు అంకెలతో జవాబు వచ్చేసింది. రెండొందల డెబ్బై ఒకటి పాయింట్ ఐదు ఐదు, ఇంకా ఎన్నో. సరిచూసుకోలేదని అనుకోకండి. గుంట నాలుగు కొసలూ కలుపుతూ తిన్నటి గీతలు గీస్తే రెండొందల అరవై ఎనిమిది వస్తుంది. ఒంపు తిరిగిన గీత దానికంటే కాస్త ఎక్కువుండాలి. ఉంది. ఇంకేం కావాలి. చిన్నప్పటి నుంచీ నేను చేసిన పెద్ద తప్పులన్నీ సరిచూసుకున్నాక చేసినవే.

బావ బండి మీద వెనక కూర్చుని జువ్వలదిన్నె పోయాను, కొలత నా నోటితో నేనే చెప్పాలని. వల కుట్టే ఆయన్ని అందరూ సరంగు తాత అంటారు, ఒకప్పుడు పడవ నడిపినాడంట. హార్బరు దగ్గర నీడలో కాళ్లు చాపుకుని కుడుతున్నాడు.

"ఎన్ని బారలు?" అన్నాడు తల ఎత్తకుండా.

"బారలు కాదు తాతా, మీటర్లు. రెండొందల డెబ్బై ఒకటి పాయింట్ ఐదు ఐదు."

తాత సూది ఆపి, నా వైపు కాకుండా బావ వైపు చూసినాడు. "ఆ చివర చెప్పిందేంది అబ్బయా?"

"మూరెడు కంటే కాస్త ఎక్కువ" అన్నాడు బావ.

"సరే. పదికి ఒకటి వదులేస్తాలే" అన్నాడు తాత. అది వాళ్ల పద్ధతి. సముద్రంలో వేసే వలైనా, గట్టు మీద కట్టేదైనా, చెప్పిన కొలత మీద పదికి ఒకటి ఎక్కువేస్తారు. తాడు ఎండకి ముడుచుకుంటుంది, కట్టేటప్పుడు గుంజలకి చుట్టుకుంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన అట్లానే కుడుతున్నాడు. నేను ఒప్పుకోలేదు. "వద్దు తాతా. చెప్పినంతే కుట్టు. ఇది కచ్చితమైన లెక్క."

"ఎవురు కట్టినారు?"

"కంప్యూటరు."

"అది గుంట చూసిందా?"

"చూడక్కర్లేదు తాతా, సూత్రం ఉంది."

ఆయన ఇంకోసారి బావని చూసినాడు. బావ ఆకాశంలోకి చూసినాడు. "సరే పాపా, నీ మాటే" అని తాత మళ్లీ సూది ఆడించడం మొదలుపెట్టినాడు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని మనసులో అనుకునే ఉంటాడు, పైకి మాత్రం అనలేదు. పెద్దమనిషి.

వారం తర్వాత వల వచ్చింది. మర్నాడు తెల్లవారి పిల్ల వస్తుంది. రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీలో సంచుల్లో నీళ్లు పోసి, గాలి నింపి, మూతి కట్టి బండెక్కించాక ఇంక వెనక్కి పంపేది, రెండు రోజులాగేది ఉండదు. వచ్చిన గంటలో నీళ్లలో పడాలి. అందుకని పొద్దున్నే అందరం గట్టెక్కినాం. మోటారు కొట్టం దగ్గర మొదలుపెట్టి, గుంజకీ గుంజకీ కట్టుకుంటా చుట్టూ తిరిగినాం. ముక్కాలు భాగం అయ్యేసరికి మేస్త్రీ మొహం మారింది. నాది మారలేదు. మధ్యాన్నం భోజనాల వేళకి వల అయిపోయింది. గుంట అవలేదు. ఈ కొస పట్టుకుని బావ, ఆ మొదటి గుంజ దగ్గర నేను, మధ్యలో ఒక లారీ, దాని వెనక ఇంకో లారీ నిలబెట్టేంత ఖాళీ. టేపు పట్టి చూస్తే పంతొమ్మిది మీటర్లు. ఆ ఖాళీకి సరిగ్గా ఎదురుగా తెల్లమచ్చ వచ్చిన పక్క గుంట.

బావ తిట్టుంటే బాగుండేది. ఆయన వల కొసని చేతిలో అట్లా పట్టుకుని ఆ సందు వైపే చూస్తా నిలబడినాడు. అక్క క్యారియరు కింద పెట్టి గట్టు మీద కూలబడింది. ఇప్పుడు చెప్పబోయేది తల్చుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు సిగ్గే. నేను గొంతు సవరించుకుని, పది మంది కూలీల ముందు, "గుంటే పెద్దది తవ్వినట్టున్నారు" అన్నాను. "మట్టి పోసేటప్పుడు గీత దాటేసి ఉంటారు. లెక్క తప్పు కాదు." ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

మేస్త్రీ నా వైపు ఒక్కసారి చూసినాడు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. "నా చేతి మీద ఇరవై ఏళ్లుగా కొలత తప్పు పోలేదమ్మా" అన్నాడు. "ఈపొద్దు పోయిందేమో చూసుకుంటా." అన్నం వదిలేసి, టేపు ఒక కొస కూలీ చేతికిచ్చి, ఆ ఎండలో గట్టు నుంచి గట్టుకి లాగించినాడు. నూట ఇరవై. అడ్డంగా లాగించినాడు. అరవై. టేపు చుట్టి, నా ముందు పెట్టి, దూరంగా పోయి చెట్టు నీడన కూర్చున్నాడు. భోజనం మాత్రం ముట్టలేదు.

నేను మోటారు కొట్టంలోకి పోయి ఫోన్ తీశాను. అదే పేజీ. పోయినసారి వేలితో జరిపి వదిలేసిన కింది భాగం ఈసారి చదివాను. చిన్న అక్షరాల్లో రాసుంది, ఎంత మర్యాదగా రాసుందంటే చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టదు. ఈ ప్రమేయానికి కొందరు ఉత్కేంద్రత ఇస్తారు, కొందరు దాని వర్గం ఇస్తారు, వాడే ముందు మీ సాఫ్ట్‌వేరు ఏది అడుగుతోందో చూసుకోవలెను. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేరు సహాయ పుట తెరిచాను. అది అడిగేది వర్గాన్ని. రెండింటిలోనూ పేరొకటే, ఇవ్వాల్సింది వేరు. ఆ వర్గం, అంటే ముప్పావు, కొట్టాల్సిన చోట నేను సున్నా పాయింట్ ఎనిమిది ఆరు ఆరు కొట్టాను. ముప్పావు కొట్టాను. రెండొందల తొంభై పాయింట్ ఆరు ఐదు వచ్చింది. మేస్త్రీ గీత గీసినట్టే ఉంది, కంప్యూటరు లెక్క కట్టినట్టే ఉంది, తాత కుట్టమన్నంత కుట్టినాడు. ఆ మధ్యలో ఉన్న తప్పు నేనొక్కదాన్నే.

చెప్పకుండా ఉంటే ఏమవుతుంది అని ఆలోచించాను, అబద్ధం ఎందుకు. ఎవరికీ ఈ జన్మకి తెలిసేది కాదు. కానీ కొట్టం తలుపు సందులోంచి మేస్త్రీ క్యారియరు మూత తీయకుండా కూర్చుని కనబడుతున్నాడు. బయటికి వచ్చి చెప్పేశాను, గబగబా, ఉత్కేంద్రత, వర్గం, అన్నీ. ఎవరికీ అర్థం కాలేదు, "నాదే తప్పు" అన్నది తప్ప.

బావ వల కొస కింద పెట్టి అడిగినాడు. "అంటే నేను చెప్పిన మూడొందలు సరిపోయేదా?"

"సరిపోయేది బావా."

"తాత పదికి ఒకటి వేసుంటే?"

"అదీ సరిపోయేది."

"మేస్త్రీ తాడు పరిచుంటే?"

తలూపాను.

"అంటే ఈ చుట్టుపక్కల నువ్వు తప్ప ఎవరు చెప్పినా సరిపోయేదన్నమాట" అన్నాడు. ముందు నవ్వింది అక్క. ఏడుస్తా నవ్వింది. తర్వాత కూలీలు నవ్వినారు. అప్పుడు మేస్త్రీ లేచి వచ్చి, "నవ్వింది చాల్లే, పొద్దు పోతాంది" అని, వాళ్లావిడకి ఫోన్ చేసినాడు. ఆమె పుట్టిల్లు మైపాడు, చేపలు పట్టేవాళ్ల ఇల్లు, వల కుట్టడం చేతిలో పని. అక్క, నేను చుట్టుపక్కల గుంటల వాళ్ల దగ్గరికి తిరిగి, మూలన పడేసిన పాత వలల ముక్కలు ఏరుకొచ్చినాం. నీలం, ఆకుపచ్చ, నలుపు, ఇంకోటి ఏ రంగో అది తయారుచేసిన వాళ్లకే తెలియాలి. సూదీ దారం పట్టుకుని వచ్చిన ఆమె పక్కన కూర్చుని, సూది ఎట్టా పోనివ్వాలో, ముడి ఎట్టా బిగించాలో నేర్చుకున్నాను. మొదటి ముడి ఊడింది, రెండోది ఊడింది. "చదువుకున్న చెయ్యి, దారానికి భయపడతాంది" అంది ఆమె. దీపాలు పెట్టే వేళకి పంతొమ్మిది మీటర్లూ మూసేసినాం, ఇంకో రెండు మీటర్లు ఎక్కువే (ఆ ఎక్కువ గురించి నేను నోరెత్తలేదు).

తెల్లారి పిల్ల వచ్చింది. సంచులు నీళ్ల మీద తేలేసి, లోపలి నీళ్లకీ గుంట నీళ్లకీ వేడి సమానమయ్యాక ఒక్కొక్కటే మూతి విప్పినారు. బావ కొబ్బరికాయ కొట్టినాడు, మేస్త్రీ పక్కన నిలబడి కళ్లు మూసుకుని ఆయన ప్రార్థన ఆయన చేసుకున్నాడు. పంట చేతికొచ్చే దాకా రోజూ పొద్దునా సాయంత్రం ఆ రంగురంగుల ముక్క దగ్గర కర్ర పట్టుకుని కాపలా కాసింది నేను. పీతల్ని చూసి పరుగెత్తేదాన్ని, పీతల వెంట పరుగెత్తడం నేర్చుకున్నాను. తెల్లమచ్చ రాలేదు. పంట బాగా వచ్చింది, రొయ్యలు పట్టిన పట్టుబడి రోజు అక్క చేసిన రొయ్యల ఇగురులో ఉప్పు సరిగ్గా పడింది. బావ నాకు పాయింటమ్మ అని పేరు పెట్టినాడు, ఇప్పటికీ అదే పేరు.

అందరికీ నవ్వుతో అయిపోయింది గానీ నాకు అవలేదు. లెక్క తప్పినందుకు సిగ్గు రెండు వారాలకి పోయింది. మేస్త్రీని పది మందిలో అన్న మాట పోలేదు. తప్పు నాదని ఒప్పుకున్నాను సరే, ఆయన మొహం చూసి క్షమించమని మాత్రం అడగలేకపోయాను. రేపు, రేపు అనుకుంటుండగానే ఆయన నాయుడుపేట వైపు పనులకి పోయినాడు. చెన్నైలో ఒక చిన్న కంపెనీ, ఇట్లాంటి ప్రమేయాల సాఫ్ట్‌వేరు తయారుచేసేదే, ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం పంపింది. జవాబు రాయలేదు. నాకెందుకు ఆ లెక్కలు, బీఈడీ చేసి పిల్లలకి ఎక్కాలు చెప్పుకుంటా అన్నాను ఇంట్లో. ల్యాప్‌టాప్ బీరువా మీదకి పోయింది.

అప్పుడు ఒకరోజు పొద్దున ఫోన్ వచ్చింది. "అమ్మా, నేను మేస్త్రీని. ఈడ ఒకాయన మీ బావ గుంట చూసి అట్టాంటిదే కావాలన్నాడు. పొడుగు నూట అరవై, అడ్డం ఎనభై. వల ఎంత చెప్పమంటావు?"

"నన్నా అడిగేది?" అన్నాను.

"నిన్నే. ఇంకెవుర్ని అడగాల?"

బీరువా మీద నుంచి ల్యాప్‌టాప్ దించాను. ఆ సహాయ పుట మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. వర్గం ఇచ్చి ఒకసారి, కాగితం మీద చేత్తో ఒకసారి, నమ్మకం చాలక ఇంకోసారి కట్టాను. గంట తర్వాత ఫోన్ చేసి, "మూడొందల ఎనభై ఏడున్నర. కానీ మేస్త్రన్నా, నన్ను నమ్మి కుట్టించొద్దు, ఒకసారి తాడు పరిచి చూడు" అన్నాను.

"పరిచినానమ్మా. నీకు ఫోన్ చేసే ముందే పరిచినా. మూడొందల ఎనభై ఎనిమిది వచ్చింది."

"మరి నన్నెందుకు అడిగినావు?"

అవతల మట్టి బండి చప్పుడుకి దూరంగా జరిగి చెప్పినాడు. "ఆ పొద్దు గట్టు మీద నీ మొహం చూసినా. నా చేతి మీద నాకు నమ్మకం పోతే నేనెట్టుంటానో అట్టుండావు. లెక్కలు మానేసినావని మీ బావ చెప్పినాడు. సరిగ్గా వచ్చిందని నువ్వు ఒకసారి వినాలని అడిగినా."

అప్పుడు అడిగాను క్షమించమని. అన్ని నెలలు రేపు, రేపు అని దాచిన మాట, ఒక్కసారిగా, ముక్కు చీదుకుంటా. "అదెప్పుడో పోయింది లేమ్మా" అన్నాడాయన, ఆ మాటకి ఇబ్బంది పడి, వెంటనే మాట మార్చేసి, "ఇంతకీ ఆ అర మీటరు తేడా ఎవురిది? నాదా, నీదా?" అని అడిగినాడు.

"నాదే అయ్యుంటుంది మేస్త్రన్నా" అన్నాను.

ఆయన సంతోషంగా నవ్వి ఫోన్ పెట్టేసినాడు. నేను ఆ సాయంత్రమే చెన్నైకి జవాబు రాశాను. ఇప్పుడు ఆ కంపెనీలోనే సహాయ పుటలు రాస్తున్నాను. ఆ రోజు ముక్కు చీదుకుంటా గోడకి ఆనుకుని నిలబడిన పిల్లని తల్చుకుంటే, ఎప్పుడన్నా నాలో నేనే నవ్వుకుంటా. లెక్క ప్రకారం చూస్తే ఆ అర మీటరు తప్పు తాడుది. ఆ సంగతి ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.